ఒక్క గడి బంటు

*అరుగు మీద తాతలు ఆడిన చదరంగంలోని ఓ చిన్న నియమం నుంచి, ప్రపంచం ‘ఇండియన్’ అని పిలిచే ఎత్తుల కుటుంబమే పుట్టింది*

1855, కలకత్తా. తెల్లపావుల వెనుక జాన్ కొక్రేన్. స్కాట్లండ్ బారిస్టరు, దూకుడు ఆటకు లండన్‌లో పేరుపడ్డవాడు. నల్లపావుల వెనుక మోహేశ్‌చంద్ర బెనర్జీ, బెంగాలు పల్లెపట్టు నుంచి వచ్చిన బ్రాహ్మణుడు. ఇద్దరిదీ దాదాపు ఒకే వయసు, అరవైకి దగ్గర. కొక్రేన్ మంత్రి ముందున్న బంటును రెండు గళ్లు తోశాడు. ఎదుటివాడు కూడా రెండు గళ్లు తోసి బోర్డు నడుమ ఢీకొనడం ఆనాటి యూరప్ ఆనవాయితీ. బెనర్జీ బంటును ముట్టుకోలేదు. గుర్రాన్ని బయటికి తెచ్చాడు. రెండో ఎత్తులో రాజు పక్క గుర్రం వరుసలోని బంటును ఒకే ఒక్క గడి జరిపాడు. మూడో ఎత్తులో మంత్రి బంటును నడుమకు నెట్టాడు. నాలుగో ఎత్తులో, ముందు ఖాళీ చేసిపెట్టుకున్న గడిలోకి శకటును తెచ్చి కూర్చోబెట్టాడు. అక్కడి నుంచి దాని చూపు మూలవాటంగా బోర్డు అవతలి చివరిదాకా పోతుంది.

ఆట మాత్రం బెనర్జీ ఓడాడు. పద్దెనిమిదో ఎత్తులో కొక్రేన్ గుర్రం నల్లరాజు గుమ్మంలోకి దూకింది. ఇక మూడెత్తుల్లో ఆట కట్టు: ఒకేసారి రెండు పావుల షా (చెక్), ఆపైన మంత్రి బలి, చివరికి సొంత ఏనుగే దారి మూసేసిన మూలలో రాజుకు గుర్రం దెబ్బ.

ఓడిన ఆటే అయినా చరిత్ర దాన్ని భద్రంగా దాచుకుంది. బెనర్జీ వేసిన ఆ తొలి నాలుగు ఎత్తులకు, 67 ఏళ్ల తర్వాత, వియన్నా ఆటగాడొకరి పేరు పెట్టారు. అవి చేరిన పెద్ద కుటుంబానికి మాత్రం మన దేశం పేరే నిలిచింది. అదే ఇండియన్ డిఫెన్స్.

అరుగు మీది ఆట

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు సిరివెళ్ల మీదుగా నలభై కిలోమీటర్ల దారి. బస్సులో కిటికీ పక్క సీటు దొరికిన పిల్లవాడు ఫోనులో చదరంగం తెరిస్తే, నాలుగెత్తులు పడేసరికి తెర మీద ‘కింగ్స్ ఇండియన్ డిఫెన్స్’ అని పేరు కనిపించవచ్చు. గుకేశ్ ప్రపంచ విజేత అయ్యాక ఇలాంటి పిల్లల సంఖ్య ఊరూరా పెరిగింది. ఆ పేరులో ఇండియా ఎందుకుందో చెప్పేవాళ్లు మాత్రం అరుదు. జవాబు ఆ పిల్లవాడి ఇంటి అరుగు దగ్గరే ఉంది.

ఈ వైపు పాత ఇళ్లకు బేతంచెర్ల నాపరాళ్లు పరుస్తారు. ఆ రాయి మీద సుద్దముక్కతో గళ్లు గీస్తే బోర్డు సిద్ధం. తాత ఒకవైపు, బడిలో చెస్ నేర్చుకున్న మనవరాలు ఒకవైపు కూర్చున్నారనుకుంటే, మొదటి ఎత్తుకే తగవు మొదలవుతుంది.

“తాతా, బంటు మొదటిసారి రెండు గళ్లు పోవచ్చు!”

“మా ఆటలో ఒక్క గడే జరగాల మ్మే.”

తాతదీ తప్పు కాదు, మనవరాలిదీ తప్పు కాదు. తొలి అడుగులో బంటుకు రెండు గళ్ల వెసులుబాటు యూరప్‌లో మధ్యయుగాల్లోనే మొదలైంది. 15వ శతాబ్దం చివరికి అక్కడ మంత్రికీ శకటుకూ ఇప్పుడున్నంత బలమూ వచ్చింది. ఆట పుట్టిన భారతదేశంలో మాత్రం బంటు చాలాకాలం పాత నడకే నడిచింది. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు రాయించిన ‘మానసోల్లాసం’లో రాజుల వినోదాల మధ్య చదరంగానికీ చోటు దక్కింది. తెలుగువాళ్లు నిత్యం వాడే ‘ఎత్తుకు పైఎత్తు’, ‘ఆట కట్టించడం’ లాంటి మాటలు చూస్తే ఈ ఆట ఇక్కడ ఎంత లోతుగా ఇంకిపోయిందో తెలుస్తుంది.

> దేశవాళీ నియమాలు
>
> ప్రాంతాన్ని బట్టి తేడాలుండేవి. ఎక్కువచోట్ల కనిపించినవి ఇవి:
>
> • బంటు ఎప్పుడైనా ఒక్క గడే కదులుతుంది.
>
> • రాజుకు కోట కట్టడం లేదు. షా తగలనంతవరకు, రాజు ఒకే ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు.
>
> • అవతలి ఒడ్డు చేరిన బంటు, ఆ గడి ఏ పావుదో ఆ పావుగానే మారుతుంది. ఏనుగు గడి చేరితే ఏనుగు, గుర్రం గడి చేరితే గుర్రం.
>
> • పావుల పేర్లూ మారతాయి. మూలవాటంగా నడిచేదాన్ని కొందరిళ్లలో శకటు అంటారు, కొందరిళ్లలో ఒంటె అంటారు.

బంటు ఒక్కో గడే నడిచే ఆటలో రెండు సేనలూ అంత త్వరగా తాకవు. ఎదుటివాడు నడుమను ఆక్రమిస్తాడేమోనన్న హడావిడి ఉండదు. ముందు ఇల్లు చక్కబెట్టుకోవాలి, రాజుకు నీడ చూసుకోవాలి, పావులను మంచి గురిలో నిలపాలి. ఆ తర్వాతే యుద్ధం. ఒక్క గడి జరిగిన గుర్రపు బంటు, దాని వెనుక శకటు. ఈ అమరిక దేశవాళీ ఆటగాడికి కొత్త పన్నాగమేమీ కాదు, చిన్నప్పటి నుంచీ చేతికి పట్టిన అలవాటు.

ముఫసిల్ మనిషి

యూరప్ ఆటకూ మన ఆటకూ నడుమ వంతెన కట్టినవాళ్లలో తొలి పేర్లలో ఒకటి తిరుపతిది. 1814లో బొంబాయిలో ‘ఎస్సేస్ ఆన్ చెస్’ అనే పుస్తకం అచ్చయింది. గ్రంథకర్త తిరువేంగడాచార్య శాస్త్రి, తిరుపతి నుంచి వెళ్లి పీష్వా కొలువులో పేరు తెచ్చుకున్న పండితుడు. సంస్కృతంలోని ‘విలాసమణిమంజరి’ని యూరప్ పద్ధతికి సరిపడేలా మలిచి, ఎన్ని ఎత్తుల్లో ఆట కట్టించాలో తేల్చుకోమనే చిక్కుముడులను అందులో పొందుపరిచాడు. ఆంధ్రదేశం చదరంగ చరిత్ర రాస్తే మొదటి పేజీలో ఆ పేరు ఉండాలి. ఇప్పుడది మన బడిపిల్లలకు బొత్తిగా తెలియదు.

బెనర్జీ కథ ఆ తర్వాతి తరానిది. ముఫసిల్‌లో ఓటమి ఎరుగని ఆటగాడొకడు ఉన్నాడన్న మాట కలకత్తా చెస్ క్లబ్బుకు చేరింది. 1848లో కొక్రేన్, బెనర్జీ ఎదురుపడ్డారు. గెలిచింది కొక్రేనే. అలవాటు లేని నియమాలతో ఆడి ఓడిన యాభై ఏళ్ల మనిషి ఇంటికి తిరిగిపోయి ఉంటే కథ అక్కడితో ముగిసేది. ఆయన నిలిచాడు. యూరప్ నియమాలు నేర్చుకుని, తర్వాతి పన్నెండేళ్లలో కొక్రేన్‌తో కొన్ని వందల ఆటలు ఆడాడు. నియమాలు మార్చుకున్నాడు గానీ తన తీరు మార్చుకోలేదు. ఈ కథలో అన్నిటికన్నా విలువైనది ఇదే.

వాళ్లిద్దరి మధ్య జరిగిన మరో ఆట చూస్తే ఆ తీరులోని బలం అర్థమవుతుంది. కొక్రేన్ నాలుగు బంట్లను వరుసగా ముందుకు తోసి గోడ కట్టాడు. బెనర్జీ తన మూల శకటును సిద్ధం చేసుకుని, రాజుకు కోట కట్టి, ఆ గోడ పునాదిని కొట్టాడు. గుర్రాన్ని బలిచ్చాడు. ఆపైన ఏకంగా మంత్రినే వదిలేసి ఒక బంటుతో గుర్రాన్ని చంపాడు. కొక్రేన్ మంత్రిని తీసుకున్నాడు. ఆ చిన్న బంటు ఇంకో అడుగు వేసేసరికి, దాని వెనుక దాక్కున్న శకటు తెల్లమంత్రి మీద పడింది, బంటు ఏనుగు మీద పడింది. ఆ ఆట బెనర్జీది. ఈ పోరాటాల వల్లే ‘ఇండియన్ డిఫెన్స్’ అన్న పేరు పుట్టింది. 1884 నాటికే అది వాడుకలో కనిపిస్తుంది.

నడుమను వదిలి నడుమను కొట్టడం

చదరంగపు రాతలో నిలువు వరుసలకు ఎ నుంచి హెచ్ దాకా, అడ్డ వరుసలకు 1 నుంచి 8 దాకా గుర్తులు. బోర్డు నడుమ ఉన్న నాలుగు గళ్లు డి4, ఇ4, డి5, ఇ5. ఇవి చేజిక్కితే పావులు ఏ వైపుకైనా తేలిగ్గా పోగలవు. అందుకే పాత యూరప్ గురువులు బంట్లతో నడుమను నింపాలని బోధించారు.

ఇండియన్ డిఫెన్స్ వేరే దారి పట్టింది. తెలుపు డి4 బంటు వేస్తే నలుపు ఎఫ్6 గడికి గుర్రాన్ని తెస్తుంది. నడుమను ఆక్రమించదు, కనిపెట్టుకుని ఉంటుంది. తెలుపు సి4, ఇ4 గళ్లలోకీ బంట్లు తోసి పెద్ద గోడ కట్టుకుంటే కట్టుకోనిస్తుంది. బంటుకు వెనకడుగు లేదన్నదే ఈ ధీమాకు కారణం. ముందుకు పోయిన ప్రతి బంటూ, తాను వదిలి వచ్చిన గళ్లకు కాపలా మానేసినట్టే. సొంత నాలుగెకరాలకు తోడు పదెకరాలు కౌలుకు పట్టిన రైతుకు పంట ఎక్కువే, దాంతోపాటు కాపలా కాయాల్సిన గట్లూ ఎక్కువే. రాత్రికి దొంగలు ఏ గట్టున పడతారో తెలియక మంచె దిగడు. తెలుపు పరిస్థితి అదే.

కింగ్స్ ఇండియన్‌లో నలుపు గుర్రం ఎఫ్6లో, బంటు జి6లో, శకటు జి7లో, ఇంకో బంటు డి6లో నిలుస్తాయి. రాజు కోటలో కూర్చుంటాడు. అప్పుడు నలుపు ఇ5 గడికి బంటు తోసి తొలి దెబ్బ కొడుతుంది. తెలుపు డి5కు తోసి దారి మూసేస్తే నడుమ గోడ గట్టిపడుతుంది. ఇక అటూ ఇటూ దాటే సందు లేదు. యుద్ధం రెండు పక్కలకు చీలిపోతుంది. తెలుపు మంత్రి పక్కన సి5 దారిలో చొరబడుతుంది. నలుపు రాజు పక్కన ఎఫ్5, ఎఫ్4, జి5 అంటూ బంట్లను తెల్లరాజు మీదికి తోలుతుంది. ఎవరు ముందు చేరతారన్నదే లెక్క. తెలుపు ముందు చేరితే ఒకటో రెండో పావులు దొరుకుతాయి. నలుపు ముందు చేరితే రాజే దొరుకుతాడు. ఈ తేడా మీదే కింగ్స్ ఇండియన్ బతుకుతుంది. ఓటమికి భయపడని కుర్ర ఆటగాళ్లు దీన్ని వదల్లేకపోవడానికి కారణం కూడా ఇదే.

గ్రున్‌ఫెల్డ్‌ది మరో స్వభావం. ఇందులో మూడో ఎత్తుకే నలుపు డి5 బంటుతో ఎదురుపడుతుంది. బంట్ల మార్పిడి జరుగుతుంది, తెలుపుకు నడుమ బలమైన బంట్ల జంట మిగులుతుంది. అక్కడి నుంచి నల్లపావులన్నీ డి4 ఒక్కదాని మీదే గురిపెడతాయి. సి5 నుంచి బంటు, సి6 నుంచి గుర్రం, జి7 నుంచి శకటు. తెలుపు కాపు నుంచి ఒక్కటి తప్పుకున్నా గోడ కూలుతుంది. కాపు నిలిస్తే మాత్రం ఆ బంట్లు ముందుకు నడిచి నలుపును తొక్కేస్తాయి.

> ఒక ఇంటి నలుగురు
>
> కింగ్స్ ఇండియన్: రాజు పక్కన మూల శకటు. మూసుకున్న నడుమ, రెండు వైపులా పరుగుపందెం.
>
> గ్రున్‌ఫెల్డ్: అదే శకటు, కానీ మూడో ఎత్తుకే డి5 ఢీ.
>
> నిమ్జో ఇండియన్: శకటు బి4కు పోయి తెల్లగుర్రాన్ని కట్టేస్తుంది. ఇ4ను బంటుతో కాకుండా పావులతో అదుపు చేయడం దీని ఆయువుపట్టు.
>
> క్వీన్స్ ఇండియన్: మంత్రి పక్క బంటు బి6కు ఒక్క గడి, శకటు బి7లో. నలుగురిలో నెమ్మదస్తుడు.

వియన్నాలో రెండో పుట్టుక

19వ శతాబ్దం చివర యూరప్‌లో ఇండియన్ డిఫెన్స్‌ను వింత అలవాటుగానే చూశారు. నడుమను వదులుకోవడం తప్పని జర్మనీ గురువు టరాష్ లాంటివాళ్ల బోధనలో పెరిగిన తరం అది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ బోధనను ప్రశ్నించిన కుర్రవాళ్లు బయల్దేరారు. నిమ్జోవిచ్, రెటీ, టార్టకోవర్ వారిలో ముఖ్యులు. నడుమను ఆక్రమించనక్కర్లేదు, దూరం నుంచి అదుపు చేస్తే చాలని వాదించారు. కొత్త సిద్ధాంతంగా వాళ్లు ప్రకటించినదాన్ని బెనర్జీ కలకత్తాలో సిద్ధాంతం పేరెత్తకుండానే ఆడేశాడు.

వారిలో ఎర్న్‌స్ట్ గ్రున్‌ఫెల్డ్ కథ వేరు. వియన్నాలో పుట్టి, పసితనంలోనే ఒక కాలు పోగొట్టుకుని, పేదరికంలో పెరిగాడు. చదరంగపు ఆరంభాల అధ్యయనమే లోకంగా బతికాడు. 1922లో ఈ డి5 ఢీని అంతర్జాతీయ పోటీల్లోకి తెచ్చి, అదే ఏడు వియన్నాలో అలెఖైన్‌ను ఓడించాడు. అయిదేళ్లకు ప్రపంచ విజేత కాబోతున్న మనిషి అలెఖైన్. రక్షణకు గ్రున్‌ఫెల్డ్ పేరు స్థిరపడిపోయింది.

కింగ్స్ ఇండియన్‌కు అసలు గౌరవం తెచ్చింది సోవియట్ ఆటగాళ్లు బొలెస్లావ్‌స్కీ, బ్రాన్‌స్టయిన్, కాన్‌స్టాంటినోపోల్‌స్కీ. 1946లో ప్రాగ్–మాస్కో నగరాల పోటీలో చెక్ ఆటగాడు పాఖ్‌మన్ మీద బ్రాన్‌స్టయిన్ సాధించిన గెలుపుతో లోకం దీనివైపు తిరిగి చూసింది. ఆ తర్వాత గ్లిగోరిచ్, ఫిషర్, కాస్పరోవ్ దీన్ని తమ ఆయుధంగా చేసుకున్నారు. 1956 అక్టోబరులో న్యూయార్క్‌లో పదమూడేళ్ల ఫిషర్ మంత్రిని బలిచ్చి డొనాల్డ్ బర్న్‌ను ఓడించిన ఆటను ‘శతాబ్దపు ఆట’ అంటారు. అది గ్రున్‌ఫెల్డ్‌లోనే జరిగింది.

సర్గోధా నుంచి హేస్టింగ్స్‌కు

దేశవాళీ ఆట నుంచి ప్రపంచ వేదికకు ఎక్కిన మరో మనిషి మీర్ సుల్తాన్ ఖాన్. పంజాబులోని సర్గోధా ప్రాంతంవాడు. నవాబు ఉమర్ హయాత్ ఖాన్ ఆదరణలో యూరప్ నియమాలు నేర్చుకుని 1929లో లండన్ చేరాడు. అదే ఏడు బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. 1932, 1933ల్లో మళ్లీ గెలిచాడు. ఆరంభాల పుస్తకాలు చదివినవాడు కాదు. తొలి ఎత్తుల్లో వెనకబడి, నడి ఆటలో, ముగింపులో మనిషిని పట్టుకునేవాడు.

1930 చివర హేస్టింగ్స్ పోటీలో ఆయనకు ఎదురు కూర్చున్నది క్యూబా దిగ్గజం కాపబ్లాంకా, మాజీ ప్రపంచ విజేత. నల్లపావులతో కాపబ్లాంకా ఎంచుకున్న ఆరంభం క్వీన్స్ ఇండియన్. భారతీయుడి ముందు భారతీయ రక్షణ పెట్టి ఓడిపోయాడు. 1933 చివర సుల్తాన్ ఖాన్ స్వదేశం తిరిగొచ్చాడు. పెద్ద పోటీలు అక్కడితో ఆగాయి. 1966లో కన్నుమూశాడు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ హోదా ఇచ్చింది 2024లో, పోయిన 58 ఏళ్లకు. అంత ఆలస్యం జరిగి ఉండాల్సింది కాదు.

చెల్లించాల్సిన ధర

చోటు వదులుకున్నవాడికి ఇరుకు తప్పదు. కింగ్స్ ఇండియన్‌లో రాజు పక్క దాడి ఆగిపోయిందంటే, మంత్రి పక్క ఇల్లు అప్పటికే దోపిడీ అయి ఉంటుంది. 1990ల్లో వ్లాదిమిర్ క్రామ్నిక్ తొమ్మిదో ఎత్తులో బి4 బంటును తోసే పద్ధతికి పదును పెట్టాడు. తెలుపు పరుగును ఒకటి రెండు అడుగులు ముందుకు జరపడమే దాని పని. 1997లో క్రామ్నిక్ చేతిలో ఓడాక కాస్పరోవ్ కింగ్స్ ఇండియన్‌ను పక్కన పెట్టేశాడు. ఇప్పటి కంప్యూటర్ ఇంజిన్లు కూడా ఇందులో తెలుపువైపే మొగ్గుతాయి. గ్రున్‌ఫెల్డ్‌ను మాత్రం అవి కూల్చలేకపోయాయి.

అలాగని గ్రున్‌ఫెల్డ్ కనికరిస్తుందని కాదు. 2010లో సోఫియా నగరంలో టోపలోవ్‌తో ప్రపంచ పోటీ తొలి ఆటలోనే విశ్వనాథన్ ఆనంద్ గ్రున్‌ఫెల్డ్ ఆడి, 30 ఎత్తుల్లో ఓడిపోయాడు. తర్వాత కోలుకుని 6.5–5.5తో కిరీటం నిలుపుకున్నాడు. గ్రున్‌ఫెల్డ్‌లో జ్ఞాపకం ఒక్కటి జారినా ఆ ఆటలో మళ్లీ నిలదొక్కుకునే వ్యవధి ఉండదు.

కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎత్తులు బట్టీపట్టే ముందు బంట్ల అమరిక అర్థం చేసుకోవడం మేలు. నడుమ మూసుకుందా తెరుచుకుందా, తన బంట్ల కొన ఏ వైపు చూస్తోంది, మూల శకటు దారిలో సొంత బంటే అడ్డం కూర్చుందా. ఈ మూడు చూసుకోగలిగితే, నంద్యాలలో శిక్షకుడు దగ్గర లేని పిల్లలు కూడా ఈ ఆరంభాలను సొంతంగా ఆడుకోగలరు.

తెలుగు బల్ల

ఈ పాతికేళ్లలో తెలుగువాళ్లు చదరంగంలో చేరిన ఎత్తు చిన్నది కాదు. గుంటూరుకు చెందిన పెంటల హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు, 2004లో ప్రపంచ జూనియర్ టైటిల్ గెలిచాడు. కోనేరు హంపి 2002లో 15 ఏళ్ల 1 నెల 27 రోజుల వయసులో గ్రాండ్‌మాస్టరై, అప్పటికి మహిళల్లో అతి పిన్న రికార్డు సాధించింది. 2019లో, 2024లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ విజేత ఆమే. 2024 సెప్టెంబరులో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో భారత్ రెండు విభాగాల్లోనూ స్వర్ణం గెలిచినప్పుడు, పురుషులు ఆడిన ఓపెన్ జట్టులో హరికృష్ణ, వరంగల్ కుర్రాడు ఇరిగేశి అర్జున్, మహిళల జట్టులో ద్రోణవల్లి హారిక ఉన్నారు. అదే ఏడు డిసెంబరు జాబితాలో అర్జున్ 2801 రేటింగుకు చేరాడు. ఆనంద్ తర్వాత 2800 దాటిన భారతీయుడు ఆయనే.

చెన్నైలోని తెలుగు కుటుంబం బిడ్డ దొమ్మరాజు గుకేశ్ అదే ఏడాది సింగపూర్‌లో డింగ్ లిరెన్‌తో ప్రపంచ కిరీటానికి తలపడ్డాడు. తెర వెనుక ఎత్తులు సిద్ధం చేసిన బృందంలో హరికృష్ణ ఉన్నాడు. 13 ఆటలు ముగిసేసరికి స్కోరు సమం. డిసెంబరు 12న పద్నాలుగో ఆట. తెల్లపావులు డింగ్‌వి. ఆయన తొలి ఎత్తు గుర్రం, రెండో ఎత్తు జి3కి ఒక్క గడి బంటు, మూడో ఎత్తు ఆ ఖాళీలోకి, జి2కి శకటు, నాలుగో ఎత్తు డి4. వ్యాఖ్యాతలు దాన్ని తిరగేసిన గ్రున్‌ఫెల్డ్ అన్నారు. 1855లో బెనర్జీ నల్లపావులతో పేర్చిన అమరికే, రంగు మారి, ప్రపంచ పోటీ ఆఖరి ఆటలో బోర్డు మీదికి వచ్చింది.

ఆట గంటల తరబడి సాగింది. ఒక బంటు ఎక్కువున్న గుకేశ్ డ్రాకు ఒప్పుకోకుండా లాగుతూ పోయాడు. ఇద్దరికీ ఒక్కో ఏనుగు, ఒక్కో శకటు మిగిలాయి. జి2లో మొదలైన డింగ్ శకటు అదే మూలవాటం గీతకు అవతలి చివర, ఎ8 మూలగడిలో ఉంది. 55వ ఎత్తులో డింగ్ తన ఏనుగును ఎఫ్2కు జరిపాడు. గుకేశ్ ఏనుగులు మార్చుకున్నాడు. వెంటనే ఆ గీత నడుమనే ఉన్న డి5 గడిలో తన శకటును నిలిపాడు. మూలలో ఉన్న డింగ్ శకటుకు తప్పించుకునే దారి లేదు. అవీ మారిపోయాయి. రాజులు, బంట్లు మాత్రమే మిగిలిన బోర్డు మీద గుకేశ్ బంటు ఒకటి ఎక్కువ. 58వ ఎత్తు తర్వాత డింగ్ ఓటమి ఒప్పుకుని చేయి చాచాడు. 7.5–6.5. పద్దెనిమిదేళ్ల గుకేశ్ తన పావులన్నింటినీ మళ్లీ వాటి గళ్లలో వరుసగా పేర్చి అప్పుడు లేచాడు.